లక్ష కాట్ల కాలువపై

బ్యాంకాకు నగరమునకు పోవువారు సామాన్యముగా అచ్చటి బంగారు కోవెలలను, గొప్ప అంగళ్లను చూచి వత్తురు. అయితే ఇండ్లు వీథివైపున అలంకరించుకొన్న ముఖమును చూపును. నీటివైపున వంటయింటి కిటికీని, ఆరవేసిన బట్టలను, పూలకుండీలను చూపును. గృహిణులకు ఈ రెండవ ముఖమే చిరపరిచితము. అందుచేత మావారును మేమును కలిసి ఒక దినమంతయు అచ్చటి పడవలమీదనే గడపవలెనని నిశ్చయించుకొంటిమి.

థాయి భాషలో నదిని ‘మే నామ్’ అందురు. ‘మే’ అనగా తల్లి. ‘నామ్’ అనగా నీరు. మనము గోదావరీమతల్లి యని భక్తితో చేర్చి పలుకు మాటను వారు ప్రతి నదికిని నిత్యవ్యవహారమునందే చేర్చిరి. బ్యాంకాకు నడుమ ప్రవహించు తల్లి పేరు చావో ఫ్రయా.

ప్రాతఃకాలమున సాథోన్ రేవునందు పడవ ఎక్కితిమి. అది విహారమునకు వచ్చిన వారి పడవ కాదు. కచేరీలకు, బడులకు, బజారులకు పోవువారితో నిండిన పడవ. రేవు సమీపించినప్పుడు వెనుక నిలుచున్న పనివాడు ఈలవేయును. ముందున్న సరంగు ఆ ఈలనుబట్టియే పడవను వెనుకకో ముందునకో నడిపి గట్టునకు చేర్చును. కండక్టరు సన్నని పొడవైన లోహపు డబ్బాలో నాణెములను గలగలలాడించుచు జనము నడుమ తిరుగుచుండెను. బౌద్ధభిక్షువులకు ప్రత్యేకముగా చోటు విడిచియుంచుదురు. ఎంత ఒత్తిడియైనను ఆడువారు ఆ చోటికి పోరు.

మార్గమధ్యమున ఎడమగట్టున అరుణదేవాలయము కనబడినది. దానిని ‘వాట్ అరుణ్’ అందురు. మన అరుణుని పేరే. ఆ శిఖరమంతయు చీనాదేశపు పింగాణీ పళ్లెముల ముక్కలతోను, గవ్వలతోను పొదిగియున్నది. పగిలిన పింగాణీని మనము పెంటమీద పారవేయుదుము. వారు దానితో దేవునకు పూలు చేసిరి. 1767లో బర్మావారు అయుత్తయ రాజధానిని నాశనము చేయగా తాక్సిన్ రాజు ఈ గట్టుననున్న థొన్‌బురిలో నూతన రాజధానిని నెలకొల్పెను. 1782లో మొదటి రామరాజు దానిని ఎదుటి గట్టునకు మార్చెను. అదియే నేటి బ్యాంకాకు.

ఈ రెండు గట్టుల నడుమనున్న విశాలమైన జలప్రవాహము మొదట నది కాదట! పూర్వము నది పడమటగా పెద్ద వంపు తిరిగి పోవుచుండెడిది. పదునారవ శతాబ్దమున ఒక రాజు ఓడలకు దారి దగ్గర చేయుటకై ఆ వంపునకు అడ్డముగా కాలువ త్రవ్వించెను. నీరు ఆ దగ్గరి దారినే మరగి, కాలువను కోసి కోసి వెడల్పుచేసి, కడకు దానినే నదిగా మార్చుకొన్నది. పాత నది ఇప్పుడు కాలువలుగా మిగిలినది. మానవుడు చూపిన దారిని నీరు మరువదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఒక చిన్న మరపడవ కొండలవంటి బరువు పడవలను వరుసగా కట్టి లాగుకొని పోవుచుండెను. వాని ప్రక్కన గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా తేలిపోవుచుండెను. దీనిని 1901లో రాజపరివారము జావా ద్వీపమునుండి పూల సొగసునకై తెచ్చి అంతఃపురపు కొలనులో పెంచిరట. నేడది కాలువలన్నిటికిని పట్టిన పీడ. దాని థాయి పేరులో జావా పేరు నేటికిని నిలిచియున్నది. “మన ఊరి కాలువలో దీనిని తీయలేక ప్రాణము విసిగెడిది, ఇచ్చటను చుట్టరికము తప్పలేదు” అని మావారు నవ్విరి.

ఫ్రా ఆథిత్ రేవున దిగి మూడుచక్రముల బండిమీద ఫాన్ ఫా రేవునకు పోయితిమి. పంతొమ్మిదవ శతాబ్దమున ఈ నగరమున కాలువలే వీథులు. 1864లో చరోయెన్ క్రుంగ్ అను బాట వేయబడినది. బండ్లపై తిరుగుటకు బాటలు లేవని విదేశీయులు మొరపెట్టుకొనుటయే దానికి కారణమందురు. ఇరువదవ శతాబ్దమున మోటారుల కొరకు ఎన్నియో కాలువలను పూడ్చిరి. నేడు ఆ బాటలపై మోటారులు గంటలకొలది కదలక నిలిచియుండుట చూచితిమి. పూడ్చక మిగిల్చిన ఒక కాలువపై మాత్రము జనులు వేగముగా పోవుచున్నారు. దానిపేరు సేన్ సేప్. ‘సేన్’ అనగా లక్ష. ‘సేప్’ అనగా మంట. దోమకాటులనుబట్టి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు.

ఫాన్ ఫా రేవు చెంతనే స్వర్ణగిరి యను గుట్టపై ఒక స్తూపము కలదు. 1898లో మన దేశమున నేపాళపు సరిహద్దు దాపున పిప్రాహ్వాయందు దొరకిన బుద్ధధాతువులలో కొంత భాగమును ఇందు నిక్షేపించిరి. దానికి నమస్కరించి రేవులోనికి దిగితిమి.

సేన్ సేప్ కాలువను మూడవ రామరాజు 1837లో త్రవ్వింప మొదలిడి 1840 నాటికి పూర్తిచేయించెను. అన్నాము దేశముతోడి యుద్ధములకు సేనలను, తిండిగింజలను చేర్చుటకై పుట్టిన కాలువ ఇది. 1990 మొదలు దీనిపై ప్రయాణీకుల పడవలు నడచుచున్నవి. పడవదారి పొడవు సుమారు 18 కిలోమీటర్లు.

ఈ పడవ రేవున నిలుచునది కొన్ని క్షణములే. త్రాడు బిగించువాడు బిగించుచుండగనే దిగువారు దిగవలెను, ఎక్కువారు ఎక్కవలెను. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని మేము సందేహించుచుండగా, కూరలబుట్ట చంకనిడుకొన్న ఒక వృద్ధురాలు లోపలినుండి చేయిచాచి మమ్ము గట్టిగా పట్టి లాగెను. మావారు వెనుక దూకిరి. ఆమెకు మా భాష రాదు; మాకామె భాష రాదు. ఆమె ఒక త్రాటికొసను మా చేతికిచ్చి సైగచేసినది.

ఆ త్రాడేమో త్వరలోనే తెలిసినది. పడవ ప్రక్కలకు టార్పాలిను గుడ్డ కట్టియుండును. ఎదుటినుండి మరియొక పడవ వచ్చినప్పుడు అంచున కూర్చున్నవారు త్రాడులాగి ఆ గుడ్డను పైకెత్తవలెను. లేనిచో మురికినీరు లోనివారందరిపై చిందును. రేవు రాగానే దానిని మరల దింపవలెను. ఇది పడవవారి పనికాదు, అంచున కూర్చున్నవారి ధర్మము. కండక్టరులు శిరస్త్రాణము ధరించి పడవ వెలుపలి అంచుననే నడచుచు డబ్బు వసూలు చేయుదురు. తక్కువ ఎత్తుగల వంతెన వచ్చినప్పుడు పడవకప్పునే క్రిందికి దింపుదురు. వారు తలలు వంచుదురు.

బోబే బజారు రేవున బట్టల మూటలు దించుకొనిరి. అది టోకున దుస్తులమ్ము పేట. అటుపిమ్మట ఎడమగట్టున బాన్ ఖ్రువా కనబడినది. కంబోడియా వైపునుండి వచ్చిన చామ్ జాతి ముసల్మానులకు మొదటి రామరాజు ఇచ్చిన నేల అది. వారు పట్టు నేయుటయందు నిపుణులు. రెండవ ప్రపంచయుద్ధానంతరము జిమ్ థామ్సన్ అను అమెరికనుడు వారి నేతను దేశదేశముల కెరిగించి, 1959లో వారి కెదుటి గట్టున ఆరు పాత టేకుటిండ్లను కూర్చి గృహము నిర్మించుకొనెను. 1967లో మలయా కొండలలో నడకకు పోయిన ఆయన మరల కానరాలేదు. ఆ గృహము నేడు ప్రదర్శనశాల. 1980ల చివర ఒక పెద్ద బాటకై ఈ నేతగాండ్రపేటను తొలగింపబోగా, వారు ఏండ్ల తరబడి ఎదిరించి తమ ఇండ్లను నిలుపుకొనిరి.

ప్రతూనామ్ రేవున పడవ మారవలెను. ఆ మాటకు ‘నీటితలుపు’ అని అర్థము. “అనగా లాకులే గదా!” అని మావారు ఉబ్బిపోయిరి. ఆయన బాల్యము గోదావరి కాలువగట్టున, లాకుల దగ్గరనే గడచినది. ధాన్యపు పడవలును, పుట్టినింటికి పోవు ఆడపడుచుల పడవలును లాకులలో నీరు నిండువరకు వేచియుండుట ఆయన పెద్దలవలన వినియున్నారు. బస్సులు వచ్చినపిదప ఆ పడవలు పోయినవి. పడవలు పోయిన తరువాత మనము కాలువకు వీపు త్రిప్పి ఇండ్లు కట్టుకొని, చెత్తను అందులో వేయ మొదలిడితిమి.

సేన్ సేప్ నీరు నిర్మలమని చెప్పజాలము. అది నల్లగా ఉన్నది, వాసనయు కలదు. కాని దినదినము వేలమంది ముఖము దానివైపే ఉన్నది గనుక దాని దుస్థితి దాగదు. ఎవరును చూడని నీటి రోగము ఎవరికిని తెలియదు.

మన కార్తికమాసముతో సామాన్యముగా కలిసివచ్చు పున్నమినాడు ఈ దేశమువారు ‘లోయ్ క్రథోంగ్’ అను పండుగ చేసికొందురు. అరటిబోదె ముక్కపై ఆకులు, పూలు అలంకరించి దీపముంచి నీట విడుతురు. ఏడాదిపొడవున నీటిని వాడుకొన్నందుకు, మలినపరచినందుకు ‘మే ఖొంగ్‌ఖా’ను, అనగా గంగమ్మ తల్లిని, క్షమింపుమని వేడుదురు. మన పోలిపాడ్యమినాటి అరటిదొప్ప దీపములను తలచుకొనని తెలుగు స్త్రీ ఉండునా? 2023లో ఆ పండుగ మరునాడు నగరపాలకులు ఆరు లక్షలకు పైగా దొప్పలను బ్యాంకాకు నీళ్లనుండి తీయించిరి. దీపము విడుచుట ఒక వంతు భక్తి. ఆరిన దొప్పను తీయుట రెండవ వంతు.

కడపటి రేవగు శ్రీ బున్‌రువాంగ్ ఆలయమువద్ద దిగునప్పటికి ప్రొద్దు వాలినది. దుస్తులపై నాలుగు నీటిచుక్కలకంటె ఎక్కువ పడలేదు. సోదరీమణులారా, రాబోవు పోలిపాడ్యమినాడు దీపము విడిచిన వెంటనే ఇంటికి మరలిపోక, అది ఆరువరకు గట్టుననే నిలిచి, మీ దొప్పను మీరే తీసికొని రండు. ఆ కొంచెము సేపును కాలువ వంక తేరిపార చూడుడు. మనవైపు చూచి చాల కాలమైనదని అదియే చెప్పును.