వాకిట్లో రత్నం!

గులాబీ పూస్తే ఇరుగుపొరుగువాళ్లను పిలిచి మరీ చూపిస్తాం. అదే వాకిట్లో గడ్డిలో కలిసిపోయి పూసిన గోరంత పువ్వుని మాత్రం చూడకుండానే తొక్కుకుంటూ వెళ్లిపోతాం. ఆ చిన్నదాని పేరు రత్నపురుష. చలిదేశాల తోటల్లో మురిపించే వయొలెట్ పూలకు ఇది దగ్గరి చుట్టం!

జీడిమెట్ల పారిశ్రామికవాడకు ఆనుకుని ఉన్న సూరారం హైదరాబాద్‌కు ఉత్తరపు శివారు. కుత్బుల్లాపూర్ పరిధిలోని ఈ ప్రాంతం 2007లో మహానగరంలో కలిసింది. 2016లో మేడ్చల్ జిల్లాలోకి వచ్చింది. ఇళ్లు పెరిగాయి, రోడ్లు పడ్డాయి. అయినా నగరం చుట్టూ ఉన్న ఇలాంటి శివార్లలో చెల్క నేల ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది... ఖాళీ ప్లాట్ల అంచుల్లో, రాళ్ల సందుల్లో, గచ్చు వేయని పెరటి మూలల్లో. రత్నపురుషకు కావాల్సింది సరిగ్గా అలాంటి చోటే.

వానలు పడ్డాక చూడాలి దీని సంబరం. జానెడు మొక్క, సన్నని ఆకులు. ఆకు మొదట్లో సన్నటి కాడకు ఒక్కటే పువ్వు. దూరం నుంచి చూస్తే ఊదా కలిసిన గులాబీ రంగులో ఒక్కటే రేకు కనిపిస్తుంది. తమిళులు దీన్ని ‘ఓరిదళ్ తామరై’ అంటే ఒంటిరేకు తామర అని పిలిచేది అందుకే. నిజానికి రేకులు అయిదు! నాలుగు మరీ చిన్నవి కావడంతో పెద్దదాని వెనకాల దాగిపోతాయి. పక్కనే నీలంగా పూసే విష్ణుక్రాంతను చూసి ఇదే అనుకుంటారు కొందరు. దాని పువ్వు గుండ్రంగా విచ్చుకుంటుంది, పోల్చుకోవడం తేలికే.

తొమ్మిది గింజల పేరు

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ మొక్కను వయొలెట్ల జాతిలోనే చేర్చి ‘వయోలా ఎన్నియాస్పెర్మా’ అని పేరు పెట్టాడు. ఎన్నియాస్పెర్మా అంటే తొమ్మిది గింజలది అని అర్థం. ఆ తర్వాత వేరే జాతిలోకి మార్చి ‘హైబాంథస్’ అన్నారు. కుటుంబం మాత్రం మారలేదు. జలుబుకు వాడే యునానీ జోషాందాలో పడే బనఫ్షా కూడా ఆ కుటుంబానిదే. ఎండిన కాయ మూడు చెక్కలుగా విచ్చుకుని గింజల్ని బయటపెడుతుంది. మరుసటి వానకు మొలకెత్తాల్సినవి ఇవే.

చిక్కల్లా ఇక్కడే వస్తోంది. ఆయుర్వేదంలోనూ సిద్ధ వైద్యంలోనూ రత్నపురుషకు మంచి పేరుంది. మందుకోసం మొక్కను వేళ్లతో సహా పీకేస్తే గింజ రాలే వీలుండదు. ఇళ్లలో అయితే పిచ్చిమొక్క అని పూతలోనే పెరికేస్తాం. ఇక వాకిలంతా గచ్చు చేసేస్తే గింజ రాలినా మొలకెత్తడానికి మట్టే ఉండదు.

దీన్ని కాపాడుకోవడానికి కుండీలూ ఎరువులూ అక్కర్లేదు. పెరట్లో ఓ మూల రెండు మూరల నేలను సిమెంటు వేయకుండా వదిలేస్తే చాలు. అక్కడ కలుపు తీసేటప్పుడు ఊదారంగు పువ్వు కనిపిస్తే కాయ ఎండేదాకా ఆగండి. పిల్లల్ని పిలిచి, పెద్దరేకు వెనకాల దాక్కున్న ఆ నాలుగు చిన్న రేకుల్నీ వెతకమనండి. ఆదివారం పొద్దున్నే అంతకన్నా మంచి ఆట ఏముంటుంది!