బందరు దారిలో... బండికి పరీక్ష!

స్టీరింగు పట్టుకున్న ప్రతివాడికీ తనంత బాగా నడిపేవాడు లేడనే నమ్మకం. కార్ల కంపెనీలు అప్పుడప్పుడూ పోటీలు పెట్టి ఆ నమ్మకాన్ని పరీక్షిస్తుంటాయి. కృష్ణా డెల్టా వాళ్లకి అంత దూరం వెళ్లాల్సిన పన్లేదు. బెజవాడలో బయల్దేరి మంగినపూడి తీరం దాకా వెళ్లొస్తే చాలు. దారే పరీక్ష పెడుతుంది... సముద్రం మార్కులు వేస్తుంది!

పుణెలో మొదలైన 65వ నంబరు జాతీయ రహదారి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడలు దాటి సుమారు 840 కిలోమీటర్లు నడిచి మచిలీపట్నంలో ఆగుతుంది. 2010లో నంబర్లు మార్చకముందు ఇదే తొమ్మిదో నంబరు రహదారి. బెజవాడ వాళ్లకి ఈ అంకెలేవీ అక్కర్లేదు. ‘బందరు రోడ్డు’ అంటే చాలు.

ఈ రోడ్డుకీ కార్ల పరీక్షలకీ ఓ చుట్టరికం ఉంది. కారు లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో పరీక్షించి చెప్పే ‘ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా’ (ఏఆర్‌ఏఐ) 1966 నుంచీ ఉన్నది పుణెలోనే. అక్కడ మైలేజీ చూడ్డానికి కారుని రోడ్డెక్కించరు. గదిలో రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ సుమారు 20 నిమిషాలు నడుపుతారు. వేగం ఎక్కడా గంటకి 90 కిలోమీటర్లు మించదు. ఎదురుగాలి ఉండదు. అడ్డొచ్చే గేదె ఉండదు. ప్రకటనల్లో గొప్పగా కనిపించే మైలేజీ అంకె పుట్టేది ఇలాంటి గదిలోనే.

మరి అసలు రోడ్డు మీద?

ఆ ప్రశ్నకి జవాబుగానే పుట్టాయి మైలేజీ పోటీలు.

మూతకి సీలు... కాలికి కళ్లెం

కార్ల కంపెనీలూ వాటి డీలర్లూ ఊళ్లలో పెట్టే ఈ పోటీలకి హంగామా తక్కువ. వచ్చినవాళ్లందరి కార్లూ ఒకే బంకులో ట్యాంకు నిండా నింపుతారు. మూత మీద స్టిక్కరు అంటించి సీలు వేస్తారు. మీటరు రీడింగు రాసుకుని, వెళ్లాల్సిన దారి కాగితం చేతికిస్తారు. తిరిగొచ్చాక మళ్లీ ట్యాంకు నింపి, ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగిస్తారు. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లే విజేత. మరీ నత్తనడక నడవకుండా ఇంత సమయంలోపు రావాలన్న షరతూ ఉంటుంది.

ఇక్కడ గెలిచేది జోరుగా నడిపేవాడు కాదు. వేగం 60 నుంచి 90కి పెరిగితే కారుని వెనక్కి నెట్టే గాలి రెట్టింపుకి మించిపోతుంది. ఆ గాలితో కుస్తీ పట్టేది పెట్రోలే. ముందున్న స్పీడ్ బ్రేకరుని దూరంనుంచే చూసి యాక్సిలరేటరు మీంచి కాలు తీసినవాడికి పెట్రోలు మిగులుతుంది. దగ్గరదాకా దూసుకొచ్చి బ్రేకు తొక్కినవాడికి ఖర్చవుతుంది. టైర్లలో సరిపడా గాలి, డిక్కీలో అక్కర్లేని సామాను లేకపోవడం, కుడికాలికి కాస్త కళ్లెం... గెలుపు రహస్యం అంతే.

ఇంకో రకం పోటీ మరీ చిత్రమైనది. దాన్ని ‘టైమ్ - స్పీడ్ - డిస్టెన్స్’ ర్యాలీ అంటారు. 1999లో మొదలై మారుతీ పేరుతో ఏళ్లతరబడి సాగిన ‘రెయిడ్ ద హిమాలయ’లోనూ ఈ విభాగం ఉండేది. మామూలు కారుతో మామూలు మనుషులే పాల్గొనవచ్చు. ఒకరు నడుపుతారు, పక్కనున్నవాళ్లు గడియారం, దారి పటం చూసుకుంటారు. ఫలానా సగటు వేగంతో రమ్మంటే అంతే వేగంతో రావాలి. ఆలస్యమైతే జరిమానా... ముందొచ్చినా జరిమానానే!

టయోటా 2010 దశకం మొదట్లో ‘ఈటియోస్’ కారుతో రేసు పెడతామంటే దేశమంతటా వేలమంది దరఖాస్తు చేశారు. చివరికి ట్రాకు ఎక్కింది పాతికమంది. మిగిలినవాళ్లు ఏం చేయాలి? బందరు రోడ్డెక్కొచ్చు.

అమ్మే నావిగేటరు

ఓ ఆదివారం ఉదయం విజయవాడలో ఒక కుటుంబం ఇలాంటి పోటీ సొంతంగా పెట్టుకుందనుకుందాం. లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన కొడుకు స్టీరింగు ముందు, పక్కన గడియారంతో అమ్మ, వెనక నాన్న. బంకులో ట్యాంకు నింపారు. మీటరు సున్నా చేశారు. సగటు 45 కిలోమీటర్లు... అంటే 30 కిలోమీటర్ల దూరానికి 40 నిమిషాలు. అందరూ బెల్టులు పెట్టుకున్నారు.

పోరంకి, పెనమలూరు దాటేదాకా ఊరు ఊరుతో కలిసే ఉంటుంది. ఆటోలు, పూల బండ్లు, హఠాత్తుగా రోడ్డు దాటే మోటారు సైకిళ్లు... సగటు పడిపోతుంది. కంకిపాడు దాటాక రోడ్డు నున్నగా సాగుతుంది. పోయిన నిమిషాలన్నీ అక్కడే రాబట్టాలని కాలు ఉబలాటపడుతుంది.

‘‘తొక్కకురా. రెండు నిమిషాలే వెనకున్నాం. నెమ్మదిగా సర్దుకుందాం’’ అంటుంది అమ్మ.

ఉయ్యూరు దగ్గర చెరకు సీజనైతే పంచదార మిల్లుకి వెళ్లే ట్రాక్టర్లు. రెండు పక్కలా బయటికి వేలాడే గడలు. వెనక నుంచి చూస్తే ముందేముందో కనపడదు. హారన్ కొట్టి లాభం లేదు. ఆగడమే మేలు. కోతల రోజుల్లో పక్క ఊళ్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. పుణెలోని రోలర్లకి ఈ సంగతులు తెలీవు.

పామర్రు సెంటరులో ఎడమకి తిరిగితే గుడివాడ, కుడికి వెళ్తే కూచిపూడి, చల్లపల్లి, దివిసీమ. గుడివాడ నుంచి బస్సులో వచ్చిన తాతయ్య అక్కడే ఎదురుచూస్తున్నారు. కారెక్కుతూనే ‘‘ఏం అల్లుడుగారూ, పగ్గాలు మనవడికిచ్చారా?’’ అని నవ్వారు.

తాతయ్య మాట పగ్గాల మీద నుంచి వస్తుంది మరి! గుడివాడలో ఎన్నో సంక్రాంతులకి ఎడ్ల బండలాగుడు పోటీలు జరిగాయి. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అంటూ విభాగాలు. ఇచ్చిన నిమిషాల్లో బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఒంగోలు గిత్తల కండబలం చూడ్డానికి జనం ఎగబడతారు. పెద్దవాళ్లు మాత్రం తోలేవాళ్ల వైపు చూస్తారు. మొదట్లోనే అదిలించి పరుగు పెట్టించిన జత చివరి నిమిషాల్లో మోకాళ్ల మీద పడుతుంది. నిదానంగా ఊపిరి నిలబెట్టిన జత ఇంకో తిరుగుడు తిరుగుతుంది.

‘‘బండి ఏదైనా అంతేరా. ముందే అంతా ఖర్చు పెట్టేసేవాడు తోలేవాడు కాదు’’ అంటారు తాతయ్య. మైలేజీ పోటీ సూత్రం కూడా అదే కదా!

దమ్ము చక్రాల పాఠం

గూడూరు వైపు సాగుతుంటే రెండువైపులా వరిపొలాలు. తొలకరి తర్వాత వస్తే, ఇనుప చక్రాలు తగిలించుకున్న ట్రాక్టర్లు మోకాలిలోతు నీళ్లలో దమ్ము చేస్తూ కనిపిస్తాయి. నల్లరేగడి బురదలో బండి నడపడం ఎంత విద్యో ఆ డ్రైవర్లకే తెలుసు. చక్రం ఉన్నచోటే తిరగడం మొదలుపెడితే ఇంకా తొక్కకూడదు. వెంటనే ఆపేయాలి. మొండిగా తొక్కితే వెనక చక్రాలు కూరుకుపోయి, ముందు భాగం పైకి లేచి ట్రాక్టరే వెనక్కి తిరగబడొచ్చు. అలా పోయిన ప్రాణాలున్నాయి.

బురదలో నడపడమే పోటీగా పెట్టిన కార్ల కంపెనీ మహీంద్రా. 1996లో ‘గ్రేట్ ఎస్కేప్’ పేరుతో తమ జీపుల యజమానులని కొండలకీ వాగులకీ తీసుకెళ్లడం మొదలుపెట్టింది. తర్వాత మహారాష్ట్రలోని ఇగత్‌పురి దగ్గర శిక్షణ కేంద్రం తెరిచింది. గుంటలు, బురద మడుగులు, నిట్టనిలువు గట్లు దాటించే పోటీలో గెలిచినవాళ్లకి ‘థార్’ బండి బహుమతిగా ఇచ్చింది. అక్కడ మొదట చెప్పే పాఠాలూ ఇవే... ముందు దిగి నడిచి చూడు, చక్రం తిరిగితే ఆపు, లాగడానికి ఇంకో బండి సిద్ధంగా లేకపోతే దిగకు.

సంక్రాంతికి కోస్తా పల్లెల్లో ఇంకో పోటీ ఉంది... ట్రాక్టరుని ట్రక్కుతో సహా వెనక్కి నడపడం. ట్రక్కు కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. కాస్త ఎక్కువ తిప్పితే రెండూ మడతపడి ఆగిపోతాయి. తక్కువ సమయంలో గీత తొక్కకుండా వెళ్లినవాడికి ఈలలే ఈలలు. ఏ డ్రైవింగు స్కూల్లోనూ నేర్పని విద్య ఇది.

రోడ్డు అయిపోయాక...

బందరు చేరారు. మీటరు మీద సుమారు 70. అక్కడినుంచి మంగినపూడికి 11 కిలోమీటర్లు. చిలకలపూడి పాండురంగడికి దణ్ణం పెట్టుకుని ముందుకెళ్తే తాటిచెట్లు, ఉప్పుగాలి, దూరంగా లైట్‌హౌస్. 2023 మేలో శంకుస్థాపన జరిగిన బందరు పోర్టు కూడా ఈ తీరంలోనే.

మంగినపూడి తీరం మిగతా బీచుల్లాంటిది కాదు. తెల్లటి ఇసుక బదులు నల్లటి మట్టినేల. సముద్రం లోతు తక్కువగా, నెమ్మదిగా కనిపిస్తుంది. కార్తిక పౌర్ణమికి జనం వేలాదిగా వచ్చి స్నానాలు చేస్తారు. మామూలు రోజున మాత్రం తడినేల పలకలా మెరుస్తూ ఎంతదూరమైనా సాగుతుంది. దాన్ని చూడగానే కొత్త డ్రైవరుకి పుట్టే కోరిక ఒక్కటే.

‘‘నాన్నా, ఒక్కసారి... నీళ్ల అంచుదాకా! గట్టిగానే ఉంది చూడు.’’

నాన్న తటపటాయించారు. తాతయ్య మాత్రం కారు దిగి మనవణ్ని రమ్మన్నారు. అలలకి ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి ‘‘మడమతో నొక్కు’’ అన్నారు. పైన గట్టిగా ఉన్న పొర చిట్లింది. కింద మెత్తటి బురద. తీసేసరికి గుంటలో నీళ్లూరాయి.

‘‘నీ బరువుకే ఇలా ఉంటే, టన్ను బరువు కారు సంగతేంటి?’’

కారు బరువంతా నేలని తాకేది నాలుగు చిన్న చోట్లే. ఒక్కో చోటు అరచేయికంటే కాస్త పెద్దది. బురదలో చక్రం ఒక్కసారి జారితే తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. లాగడానికి ట్రాక్టరు దొరికేలోపు పోటు మొదలైతే ఉప్పునీరు ఇంజను దాకా వస్తుంది. బయటపడినా బ్రేకులకీ అడుగుభాగానికీ తుప్పు ఖాయం.

నష్టం కారుకొక్కదానికే కాదు. జనవరి నుంచి మార్చి దాకా కృష్ణా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు. పొదగడానికి నెలన్నర, రెండు నెలలు. వాటికోసం దివిసీమ తీరంలో అటవీశాఖ పొదుగు కేంద్రాలు నడుపుతోంది. పైనుంచి కారు వెళ్తే గూడు అణిగిపోతుంది. చక్రాల గాడిలో పడిన పిల్ల తాబేలు సముద్రాన్ని చేరలేక అక్కడే ఎండిపోతుంది.

తాతయ్య సముద్రం వైపే చూస్తున్నారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచెత్తినప్పుడు ఆయనకి పాతికేళ్లు. పదివేలమందికి పైగా పోయారు. ‘‘ఇది ఎంత మెత్తగా కనిపించినా దీన్ని నమ్మి ముందుకెళ్లొద్దురా. ఎక్కడ ఆగాలో మనకే తెలియాలి’’ అన్నారు.

కుర్రాడు మారు మాట్లాడలేదు. కారుని తారురోడ్డు పక్కన గట్టి నేల మీద పెట్టి హ్యాండ్ బ్రేకు వేశాడు. ఆరోజు అతను చేసిన పనులన్నింట్లో ఎక్కువ మార్కులు వచ్చింది దానికే. తర్వాత నలుగురూ నడుచుకుంటూ నీళ్ల అంచుకి వెళ్లారు. మోకాలిలోతు దాటలేదు. ప్రశాంతంగా కనిపించే ఈ తీరం ఎంతోమంది ఈతగాళ్లని కూడా పొట్టన పెట్టుకుంది మరి.

తిరుగు ప్రయాణంలో బందరులో ఆగి, 2017లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న బందరు లడ్డూలు కొన్నారు. పామర్రులో తాతయ్యని బస్సెక్కించే చోట అమ్మ గడియారం చూసింది.

‘‘నిమిషం ముందొచ్చావు.’’

‘‘అయితే జరిమానా పడాల్సిందే’’ అన్నారు తాతయ్య, మనవడి వాటా లడ్డూ ఒకటి తన సంచీలో వేసుకుంటూ.

బెజవాడ బంకులో మళ్లీ ట్యాంకు నింపారు. 164 కిలోమీటర్లకి 8.2 లీటర్లు. లీటరుకి సరిగ్గా 20. ప్రకటనలో ఉన్న అంకె అంతకంటే పెద్దదే. ఆ అంకె గదిలో పుట్టింది. ఈ 20 మాత్రం చెరకు బండ్ల వెనక ఆగి, అమ్మ మాట విని, సముద్రం ముందు బ్రేకు వేసి సంపాదించింది!

వెళ్లాలనుకుంటే...

విజయవాడ నుంచి మచిలీపట్నం సుమారు 70 కిలోమీటర్లు. బస్సులు విరివిగా ఉన్నాయి. రైలు సౌకర్యం కూడా ఉంది. మచిలీపట్నం నుంచి మంగినపూడికి 11 కిలోమీటర్లు. ఆటోలు దొరుకుతాయి. సొంత కారులో వెళ్లేవాళ్లు బండిని రోడ్డు దగ్గరే ఆపాలి. తుపాను హెచ్చరికలున్నప్పుడు ప్రయాణం మానుకోవడం మంచిది. పిల్లలని నీళ్లలోకి ఒంటరిగా పంపకూడదు.