ఎంగిలి గ్లాసు

నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే సర్దుకొని చదవండి.

మాది తుంగతుర్తి. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక రంజన్ ఉండేది. పొద్దున్నే నాయినమ్మ బోరింగు దగ్గర నీళ్లు పట్టి దాన్ని నింపేది. దాహమైన ప్రతిసారీ బోరింగు దాకా పోనక్కర్లేదు, ముంచుకుంటే చాలు. మర్నాడు మిగిలిన నీళ్లు చెట్లకు పోసి మళ్లీ కొత్తవి నింపేది. ఒకటే రూలు: తాగిన గ్లాసు రంజన్‌లో ముంచొద్దు. ముంచితే "ఎంగిలి చేసినవ్ కదరా" అని నీళ్లన్నీ పారబోసేది.

సర్వర్ క్యాషింగ్ కూడా అంతే. అడిగిన ప్రతిసారీ డేటాబేస్ దాకా పోకుండా, తయారైన పేజీని దగ్గర్లో దాచుకుని అదే అందరికీ ఇవ్వడం. గడువు అయిపోతే మళ్లీ కొత్తది తేవడం.

పోయిన ఏడాది ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైటు నేనే చేశాను. పోస్టర్ పడగానే అందరూ ఒకేసారి ఓపెన్ చేశారు. సైటు పడుకుంది. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టి, 10 నిమిషాల గడువుతో క్యాష్ ఆన్ చేశా. అయినా ప్రతి పేజీకీ 'మిస్' అనే వస్తోంది. కారణం, నా కోడ్ ప్రతి పేజీతో ఒక కుకీ పంపుతోంది. కుకీ సెట్ చేసే పేజీని ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా దాచదు. అది ఒక్కరి కోసం తయారైన పేజీ కావచ్చు కాబట్టి. ఆ జాగ్రత్త ఎందుకుందో ఆలోచించకుండా, దాన్ని పట్టించుకోవద్దని చెప్పే ఒక లైను కాపీ కొట్టి పెట్టేశా. వెంటనే 'హిట్'. సైటు పరిగెత్తింది. అందరం చాయ్ తాగడానికి పోయాం.

అక్కడికే ఫోన్ వచ్చింది. "అరేయ్, నా ప్రొఫైల్ నొక్కితే ఎవరో అమ్మాయి పేరు, నంబరు వస్తున్నయ్ రా!"

ఆమె తన ప్రొఫైల్ తెరిచింది. ఆ పేజీ క్యాష్‌లో కూర్చుంది. తర్వాత నొక్కిన అందరికీ అదే పోయింది. ఉరికి వచ్చి సర్వర్ ఆపేశా. ఈవెంట్ల లిస్టు, పోస్టర్లు మాత్రమే క్యాష్‌లో ఉంచి, లాగిన్ అయినవాళ్ల పేజీలు అసలు దాచకుండా మార్చా.

2015 డిసెంబర్ 25న స్టీమ్ గేమ్స్ సైటులో కూడా ఇదే జరిగిందని తర్వాత చదివా. క్యాష్ సెట్టింగ్ తప్పడంతో సుమారు 34,000 మంది వివరాలు వేరేవాళ్లకు కనిపించే పరిస్థితి వచ్చింది. అంత పెద్దవాళ్లకే అయింది కదా అనుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నా.

దసరాకి ఇంటికి పోయినప్పుడు ఇదంతా నాయినమ్మకు రంజన్ భాషలో చెప్పా. మొత్తం విని, "మరి ఆ పిల్లకు చెప్పినవా?" అనడిగింది.

చెప్పలేదు.

సెలవులు అయిపోయాక పోయి, తప్పు నాదేనని చెప్పి సారీ అడిగా. ఆమె తిట్టలేదు. "ఆ రాత్రి తెలియని నంబర్ల నుంచి రెండు ఫోన్లు వచ్చినయ్. నా నంబరు ఎవరు ఇచ్చారా అని ఇన్ని రోజులూ మా క్లాసోళ్లనే అనుమానించిన" అంది.