తప్పిపోయిన అకారం

చాలాకాలంగా చెప్పాలనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఒకటి ఈ రోజు మీ ముందుంచుతున్నాను. ఇందులో నా దోషం కూడా ఉన్నది గనుక ఇన్నాళ్ళూ రాయడానికి చేయి రాలేదు.

2009లో నా పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. తెనాలిలో పదవ తరగతి నా దగ్గర చదువుకున్నవాడు. అప్పటికి ఉద్యోగం పోయి ఆరు నెలలు. పిల్లల పేర్లు, వాటి అర్థాలతో ఒక జాలస్థలి మొదలుపెట్టాడట. తొట్టెలు, పసిపిల్లల బట్టలు అమ్మే దుకాణాలవారు ఇచ్చే ప్రకటనలే ఆదాయం. "మాస్టారూ, అర్థాలు మీరు రాసిపెట్టాలి. తెలుగు పండితులు సరిచూశారని మీ పేరు వేస్తే జనం నమ్ముతారు" అన్నాడు. శిష్యవాత్సల్యం కొంత, పేరు కనబడుతుందన్న చపలత్వం కొంత. ఒప్పుకున్నాను.

గూగుల్లో పై వరుసలోకి రావాలంటే ఏం చేయాలో వాడే నాకు పాఠం చెప్పాడు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా 1998లో ప్రకటించిన పద్ధతికి మూలసూత్రం ఇది: ఒక పుట నుంచి మరొక పుటకు ఇచ్చిన లంకె ఒక సాక్ష్యం వంటిది. అయితే సాక్షులందరూ సమానులు కారు. పదిమంది ఆదరించే పుట ఇచ్చిన సాక్ష్యానికి బరువెక్కువ. వినగానే నాకు సూర్యరాయాంధ్ర నిఘంటువు గుర్తుకొచ్చింది. అందులో పదానికి అర్థం చెప్పి ఊరుకోరు, కవిప్రయోగం చూపిస్తారు. తిక్కన వాడిన ఒక్క ప్రయోగం ఊరూపేరూ లేని నూరు చాటువుల పెట్టు. "ఇది మన పద్ధతేరా!" అని సంతోషించాను.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. వాడు సాక్షులను కొంటున్నాడు. నూరు లంకెలకు ఇంత అని బేరం. సిమెంటు దుకాణం వారి పుటలోనూ, పెళ్ళిసంబంధాల పుటలోనూ, అర్థంకాని పరభాషా పుటల్లోనూ అడుగున "తెలుగు పిల్లల పేర్లు" అన్న ఒకే మాటతో మా లంకె. ఇక లోపల చూస్తే, 'అ అక్షరంతో అబ్బాయిల పేర్లు' ఒక పుట, 'అ అక్షరంతో మగపిల్లల పేర్లు' ఇంకొకటి, 'అ తో మొదలయ్యే మగబిడ్డ పేర్లు' మరొకటి. మూడింటిలోనూ సరుకు ఒక్కటే. ఎవరు ఏ మాటతో వెతికినా మనమే దొరకాలని ఏర్పాటు. "ఇది పునరుక్తి దోషంరా" అన్నాను. "కావ్యంలో దోషం మాస్టారూ, గూగుల్లో గుణం" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. అక్కడ నవ్వకుండా ఉండవలసింది.

రెండేళ్ళలో పుటలు పన్నెండు వందలు దాటాయి. వాడి ఇంట్లో పొయ్యి దానిమీదనే వెలిగేది. నేను రాసినవి మూడు వందలకు మించవు. మిగిలినవి ఎవరెవరో నింపారు. సరిచూసినవారి పేరు మాత్రం అన్నిటిపైనా నాదే.

2011 ఫిబ్రవరిలో గూగుల్‌వారు 'పాండా' అనే మార్పు తెచ్చారు. పసలేని పుటలనూ, ఒకదానికొకటి నకళ్ళయిన పుటలనూ కిందికి నెట్టడం దాని పని. ముందు ఇంగ్లీషుకు, ఆ ఆగస్టులో చైనా, జపాను, కొరియా భాషలు తప్ప తక్కిన చాలా భాషలకూ విస్తరించారు. మాకు సగం మంది పాఠకులు పోయారు. 2012 ఏప్రిల్ 24న 'పెంగ్విన్' వచ్చింది. అది పట్టుకున్నది సరిగ్గా కొన్న లంకెలను. సహజంగా లంకె ఇచ్చేవారు తలా ఒక మాటతో ఇస్తారు. వందలమంది ఒకే మాట అక్షరం పొల్లుపోకుండా అన్నారంటే, పరీక్షలో గది అంతా ఒకే తప్పు రాసినట్లే. ఉపాధ్యాయుణ్ణి నేను, ఆ మాత్రం ముందే గ్రహించవద్దూ? వారం తిరిగేసరికి మా పుట వెతికినవారికి కనబడడం మానేసింది.

మళ్ళీ పైకి ఎక్కడం ఎట్లాగని వాడూ నేనూ తల బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో నాకొక ఫోను వచ్చింది. ఎవరో తండ్రి. కూతురు రోహిణీ నక్షత్రం మూడవ పాదంలో పుట్టింది. 'వి' అక్షరం కోసం మా పుట చూసి 'వితథ' అని పేరు పెట్టుకున్నారు. అర్థం 'సత్యస్వరూపిణి' అని ఉన్నదట. బంధువుల పెళ్ళిలో ఎవరో పెద్దాయన ఆ పేరు విని నలుగురిలో నవ్వాడట.

నాకు నోట మాట రాలేదు. వితథమంటే అసత్యం. దానికి ముందు అకారం చేర్చితే నఞ్ తత్పురుషమై 'అవితథ' అవుతుంది, అంటే అసత్యం కానిది. అది నేను 'అ' జాబితాలో రాసిన పేరు. 'వి' జాబితా పలచగా ఉన్నదని నింపడానికి కూర్చున్న కుర్రవాడు మొదటి అక్షరం కోసేసి, అర్థం మాత్రం అలాగే ఉంచి అక్కడ అతికించాడు. ఆ తండ్రి కోప్పడలేదు. "మీ పేరు చూసే పెట్టుకున్నామండీ" అన్నాడు. అంతే. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ అధికారీ నన్ను అంతకంటే కఠినంగా మందలించలేదు.

ఆ రాత్రి నా శిష్యుణ్ణి పిలిపించి, "గూగుల్ సంగతి తరవాత. ముందు నేను చదవని పుట ఏదీ ఉండకూడదు" అన్నాను. పన్నెండు వందలు నూట నలభై అయ్యాయి. ప్రతి పేరుకూ ధాతువు, సమాసం, పలికే తీరు, ఏ కావ్యంలో ఏ సందర్భంలో వచ్చిందో రాశాను. వ్యుత్పత్తి దొరకని కొత్త పేర్లకు 'చెప్పదగిన అర్థం లేదు' అని నిస్సంకోచంగా రాశాను. కొన్న లంకెలు తీసెయ్యమని అడిగితే, తీయడానికి కూడా డబ్బడిగినవారున్నారు! 2012 అక్టోబరులో గూగుల్‌వారు, ఫలానా లంకెలను లెక్కలోకి తీసుకోవద్దని మనమే చెప్పుకునే సౌకర్యం ఇచ్చారు. జాబితా పంపాము. కానీ ఆ రోజుల్లో పెంగ్విన్‌ను ఎప్పుడో ఒకసారి మాత్రమే నడిపేవారు. మళ్ళీ నడిపేదాకా శిక్ష తప్పదు. ఎప్పటికప్పుడు పనిచేసేలా దాన్ని మార్చింది 2016 సెప్టెంబరులో. మా వాడు అంతవరకు ఆగగలడా? రైసుమిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరి, రాత్రిళ్ళు మాత్రం ఈ పని చూసుకున్నాడు.

తరవాత వచ్చిన లంకెలు తక్కువే, కానీ అడగకుండా వచ్చాయి. అమెరికాలో పిల్లలకు తెలుగు నేర్పే ఒక బడివారు సమాసాల పుటకు లంకె ఇచ్చారు. 2019 డిసెంబరులో 'బెర్ట్' అనే పద్ధతిని తెలుగుతో సహా డెబ్భైకి పైగా భాషలకు తెచ్చారు. అబ్బాయి అన్నా మగబిడ్డ అన్నా వెతికేవారి ఉద్దేశం ఒక్కటేనని యంత్రం పోల్చుకోవడం మొదలైతే, మూడు పుటల అవసరమే లేదు కదా! 2024 మార్చిలో గుంపులుగా పుటలు తయారుచేసి పడేసేవారిపై నిబంధన గట్టిపడినప్పుడు మేము భయపడలేదు. మా దగ్గర ఉన్నవే నూట నలభై.

ఆ మధ్య వాడే ఫోను చేశాడు. "మాస్టారూ, ఇప్పుడు యంత్రమే వెయ్యి పేర్లు అర్థాలతో సహా క్షణంలో రాసిపెడుతోంది. రాయిద్దామా?" అన్నాడు. "'వి' జాబితా ఎవరు సరిచూస్తార్రా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "సరేనండీ, వద్దులెండి" అన్నాడు.

పాప పేరు బడిలో వేయకముందే పురపాలక కార్యాలయంలో 'అవితథ' అని దిద్దించుకున్నారు. ఆ తండ్రే చెప్పాడు. అయితే మా పాత జాబితాను అప్పట్లోనే ఎందరో ఎత్తి తమ పుటల్లో పెట్టుకున్నారు. లంకెలను తూచే యంత్రానికి పోయిన అకారం తెలియదు. మొన్న వెతికితే రెండు చోట్ల 'వితథ - సత్యస్వరూపిణి' అనే ఉన్నది. ఇద్దరికీ జాబు రాశాను. ఒకరు దిద్దారు. రెండవవారికి మళ్ళీ రాయాలి.