ఖాలా పన్నుకు ఎన్ని డిగ్రీలు?

పై దవడ ముందు భాగంలో ఎముక నిటారుగా ఉండదు. పన్ను పోయాక పెదవి వైపున్న పల్చటి గోడ ముందుగా కరిగిపోతుంది. మిగిలిన ఎముక ఎటు వాలితే టైటానియం మరను కూడా అటే దించాలి. క్యాప్ మాత్రం పక్క పళ్ల వరసలోనే రావాలి. ఎముకదో జిద్దు, మొహానిదో జిద్దు. ఈ రెండింటికీ సులహ్ కుదిర్చే చిన్న ముక్కను అబట్‌మెంట్ అంటారు. నా రోజీరోటీ దాని మీదే.

బాలానగర్‌లో ఒక చిన్న కారఖానాలో డిజైన్ పని నాది. అబ్బా ఇదే బస్తీలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ ముందు నిలబడి పంపు షాఫ్టులు చేశారు. నేను తెచ్చి చూపించే ముక్కను అరచేతిలో పెట్టుకుని, "ఇంత చిన్నదానికి ఇంత దిమాగ్ ఖర్చా?" అని హైరాన్ అయ్యేవారు.

బజారులో తయారుగా దొరికే వంపు ముక్కలు ఎక్కువగా 15 డిగ్రీలవి, 25 డిగ్రీలవి. మర లోపల ఆరు మూలల గుంట ఉంటే, ఆ వంపును ఆరు దిక్కుల్లోనే కూర్చోబెట్టగలం, 60 డిగ్రీలకొకటి. నోరు ఈ హిసాబు వినదు. పెద్ద షహర్‌లో అయితే స్కాన్ తీసి, కంప్యూటర్ మీద గీసి, ఆ నోటికే సరిపడా ముక్కను మిల్లింగ్ చేయిస్తారు. చిన్న కస్బాలో ఆ సహూలియత్ ఎక్కడిది? పేషెంటు బస్సెక్కాలి, లేదంటే ఉన్నదాంతో సర్దుకోవాలి. ఏ కోణానికైనా ఒదిగి, ఆ తర్వాత బిగుసుకుపోయే కీలు ఒకటి చేయాలని నా ఖ్వాయిష్.

ఈ మాట చెప్పగానే ఎవరికైనా మొదట తట్టేది ఒక గోళీ, దాన్ని పట్టుకునే గిన్నె. భుజం కీలులా ఎటైనా తిరుగుతుంది, స్క్రూ బిగిస్తే ఆగుతుంది. చూడటానికి ఎంత ఖూబ్‌సూరత్! కాగితం మీద లెక్క వేస్తే మాత్రం దాని నవాబీ దిగిపోతుంది. 10 మి.మీ. ఎత్తున్న పన్ను కొసన 100 న్యూటన్ల బలం అడ్డంగా పడిందనుకోండి. అంటే దాదాపు పది కిలోల బరువు. గోళీ దగ్గర వంచే శక్తి 1000 న్యూటన్-మి.మీ. అవుతుంది. గోళీ వ్యాసార్థం 1.5 మి.మీ., స్క్రూ నొక్కుడు 400 న్యూటన్లు, రాపిడి గుణకం 0.3 అనుకుంటే, పైనా కిందా కలిపినా దాని పట్టు 360 దగ్గరే ఆగుతుంది. గోళీని పెద్దది చేద్దామంటే చిగురులో జాగా లేదు. ఇంకా బిగిద్దామంటే అంత సన్నటి స్క్రూ తెగి కూర్చుంటుంది.

అసలు పన్నుకూ ఎముకకూ మధ్య పరుపులాంటి మెత్తటి పొర ఉంటుంది. ఇంప్లాంటుకు అది లేదు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు 1950లలో కుందేలు ఎముకకు టైటానియం అతుక్కుపోవడం గమనించి, 1965లో మనిషి దవడలో పెట్టి చూశాడు. ఆ అతుకే ఈ ఇలాజ్‌కు బలం. నమిలినప్పుడల్లా దెబ్బ నేరుగా కీలుకు, స్క్రూకు తగలడానికీ అదే కారణం. కీలు వెంట్రుకవాసి కదిలినా సందు పడుతుంది. సందులో క్రిములు చేరతాయి, చిగురు వాస్తుంది, ఆపైన ఎముకకు ఖత్రా.

అందుకని నేను వేరే రాస్తా పట్టాను. వంటింట్లో ముల్లంగిని కాస్త ఏటవాలుగా కోసి, పై ముక్కను ఆ కోత మీదే తిప్పి చూడండి. తిప్పేకొద్దీ వంగుతుంది. కోత వాలు 12.5 డిగ్రీలైతే, సగం చుట్టు తిరిగేసరికి 25 డిగ్రీల వంపు వస్తుంది. ఆ కోత ముఖం మీద చుట్టూ సన్నటి పళ్లు చెక్కితే రాపిడి మీద భరోసా పెట్టుకోనక్కర్లేదు. పన్ను కోసం పన్నే పన్నును పట్టుకుంటుంది! అయితే తిప్పినప్పుడు వంపుతో పాటు దిక్కు కూడా జరుగుతుంది. అడుగున ఆరు మూలల గుంటే ఉన్నంతకాలం కొన్ని కోణాలు చేతికి చిక్కవు. ఆ మసలా ఇంకా తేలలేదు.

ఈలోగా కర్నూలులో మా ఖాలాకు ముందు పన్ను పోయింది. దించిన మర దాదాపు 20 డిగ్రీలు వాలింది. 15 ముక్క పెడితే క్యాప్ పెదవిని నెడుతుంది, 25 పెడితే లోపలికి పోతుంది. ఇంట్లో మనవరాలి షాదీ దగ్గరపడింది. ఖాలా ఫోన్ చేసి, "క్యా బేటా, నువ్వు చేసే కీలు ఉండగా నేను హైదరాబాద్ దాకా రావాలా?" అంది.

"అది ఇంకా నీ నోట్లో పెట్టే దశకు రాలేదు ఖాలా," అన్నాను.

"నీ హునర్ మీద నీకే యకీన్ లేదా?" గొంతులో గుస్సా.

ఐఎస్ఓ 14801 అనే పరీక్ష ఉంది. మామూలుగా ముక్కను 30 డిగ్రీలు వాల్చి, మళ్లీ మళ్లీ నొక్కుతారు. పొడిగా చేస్తే 50 లక్షల సార్లు. సెకనుకు 15 సార్లు నొక్కినా దాదాపు నాలుగు రోజులు పడుతుంది. మా మొదటి నమూనా 31 లక్షల దగ్గర ఆగిపోయింది, చెక్కిన పళ్లలో ఒకదాని కొస విరిగి. ఆ ముక్కే ఖాలా నోట్లో ఉంటే? షాదీ ఫోటోలు బాగానే వచ్చేవి. ఆ తర్వాత ఏదో ఒక రోజు దస్తర్‌ఖాన్ దగ్గర బోటీ కొరుకుతుండగా క్యాప్ ఊగేది.

ఖాలా బస్సెక్కి వచ్చింది. మిల్లింగ్ ముక్కే పెట్టించాం. ఖర్చు కాస్త ఎక్కువే అయింది, రెండుసార్లు రావలసి వచ్చింది.

ఇప్పుడు 36 పళ్ల బదులు 24 చెక్కి చూస్తున్నాం. పన్ను లావైంది, బలం పెరగాలి. కానీ ఒక్కో మెట్టుకు వంపు ఒక్కోచోట మూడు డిగ్రీలకు పైనే మారుతోంది. అంత తేడాను క్యాప్ చేసే టెక్నీషియన్ సర్దుకోగలడా అని ల్యాబులో అడిగాను. నమూనా తెమ్మన్నారు.