పథ్యం ఎవరి కోసం

పల్నాట్లో ఎవరి కళ్లు పచ్చబడినా ముందు కబురు వెళ్లేది డాక్టరుకి కాదు, పసరు పోసే మనిషికి. మాచర్ల వైపైనా, గురజాల వైపైనా, నరసరావుపేట చుట్టుపక్కలైనా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫలానా ఊరు వెళ్లమని చెబుతారు. తెల్లవారకముందే, పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా వెళ్లాలి. కొందరు ముక్కులో పోస్తారు, కొందరు మజ్జిగలో కలిపి తాగిస్తారు, కొందరు చేతి మీద వాత పెడతారు. తిరిగొచ్చేటప్పుడు మందుతో పాటు పథ్యం కూడా వెంట వస్తుంది. కారం వద్దు, నూనె వద్దు, పసుపు వద్దు, పప్పు వద్దు. చప్పిడి మజ్జిగన్నం తిని, చెరుకురసం తాగి పడుకోవాలి.

చదువుకున్నవాళ్లం దీన్ని చూసి నవ్వుతాం. మన ఇంట్లో కామెర్లు వచ్చిననాడు మాత్రం నవ్వు ఆపి, డాక్టరు మందులూ వేయిస్తాం, పసరూ పోయిస్తాం. ఏ పుట్టలో ఏ పాముందో అని.

పసరుకి పేరు ఊరికే రాలేదు. మురికి నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాలు పసరు తాగినవాళ్లకీ గడుస్తాయి, తాగనివాళ్లకీ గడుస్తాయి. పేరు మాత్రం పసరుకి దక్కుతుంది. అలాగని పసరుకి వాడే నేల ఉసిరిని సైన్సు బొత్తిగా పట్టించుకోలేదనీ అనలేం. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్, మద్రాసు శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్ బృందంతో కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నేల ఉసిరి పొడి వాడిన 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ ఆనవాలు కనిపించకుండా పోయిందన్నది దాని సారాంశం. పెద్ద ఆశే పుట్టింది. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు.

చిక్కంతా ఎక్కడంటే, అన్ని కామెర్లూ ఒకటి కావు. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి, క్లోమంలో గడ్డ లేచినా పచ్చబడతాయి. ఒళ్లంతా దురద, సున్నంలా తెల్లబారిన విరేచనం, టీ డికాషన్ రంగు మూత్రం కనబడితే అది పసరుతో కాలక్షేపం చేసే జబ్బు కాదు. గర్భిణికి ఇ రకం సోకితే ప్రాణం మీదికి రావచ్చు. ఇవన్నీ డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం.

నా ఆలోచన మాత్రం పసరు దగ్గర కాదు, పథ్యం దగ్గర ఆగిపోతుంది. డాక్టరు రాసిన మాత్రలు రెండు పూటలు మరిచిపోయే ఇల్లు, పసరాయన చెప్పిన పథ్యాన్ని అక్షరం తప్పకుండా ఎందుకు పాటిస్తుంది? ఆసుపత్రిలో ఇంటివాళ్లకి పనుండదు. ఫైలు పట్టుకుని వరండాలో కూర్చోవడం, పేరు పిలిస్తే లేవడం, అంతే. పథ్యం అలా కాదు, అది చేతినిండా పని పెడుతుంది. విడిగా వండాలి, విడిగా వార్చాలి, ఎవరు ఏం తెచ్చినా కాపు కాయాలి. పథ్యం రోగి కోసమని అందరం అనుకుంటాం. అందులో సగం చేసేవాళ్ల కోసమే. ఏమీ చేయలేకపోతున్నామన్న బాధకి అది మందు.

ఈ సంగతి నాకు తెలిసింది మా బాబాయి వల్ల. లివరు గట్టిపడి, పొట్టలో నీరు చేరి, ఊళ్లో లాభం లేదని గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మాచర్ల నుంచి గుంటూరుకి సుమారు 130 కిలోమీటర్లు. అంత దూరం వచ్చాక ఏదో పెద్ద వైద్యమే జరుగుతుందనుకున్నాం. పొద్దున్నే నర్సు దర్జీ టేపు పట్టుకుని వచ్చింది.

బాబాయిని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీదుగా టేపు చుట్టింది. ఊపిరి వదిలాక కొలిచి, టేపు ఆనిన చోట రెండు పక్కలా బాల్‌పెన్నుతో చిన్న గీతలు గీసింది. మర్నాడు ఎవరు డ్యూటీకి వచ్చినా ఆ గీతల మీదే కొలవాలట. తర్వాత బరువు చూసింది. అదీ రోజూ ఒకే వేళకి, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూడాలి. ఒక్క రోజులో కిలో పెరిగితే అది కండ కాదు, దాదాపు లీటరు నీరు. తాగిన నీళ్లు ఒక గడిలో, పోసిన మూత్రం పక్క గడిలో రాసుకుంది. స్కానింగుకి పది రోజులకోసారి దొరికే సంగతి ఆ టేపుకి ప్రతి ఉదయమూ దొరుకుతుంది.

ఆ రాతలన్నీ చూసుకుని పిన్నిని అడిగింది.

"ఏం పెడుతున్నావమ్మా ఆయనకి?"

"కారం చుక్క తగలనియ్యట్లా సిస్టరమ్మా. నూనె మానిపించా. గుడ్లు, పప్పు ఎప్పుడో ఆపేశాం. చప్పిడి కూడే."

"మరి అన్నంలోకి?"

"ఏముందమ్మా, నోరు చచ్చిపోయిందంటే గోంగూర పచ్చడి రవ్వంత. మజ్జిగలోకి ఊరమిరగాయ, కారం తీసేసి."

నర్సు కోప్పడలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆయన పొట్టలో నీళ్లు నిలబెట్టేది కారం కాదమ్మా, ఉప్పు. ఆ పచ్చట్లో ఉంది, ఊరమిరగాయలో ఉంది, అప్పడంలో ఉంది. రోజు మొత్తానికి ఒక్క చిన్న చెంచా ఉప్పు. పొద్దున్నే కొలిచి చిన్న గిన్నెలో పోసి పక్కన పెట్టుకో. కూరలోకైనా, పులుసులోకైనా అందులోంచే తియ్యి. అది అయిపోతే ఆ పూటకి ఉప్పు లేదనుకో."

మిరప మా నేలకి అన్నం పెట్టిన పంట. గుంటూరు యార్డుకి వెళ్లే బస్తాల్లో మా పొలాలవీ ఉంటాయి. ఎవరికి ఏ జబ్బొచ్చినా అందరి వేలూ ముందు ఆ కారం వైపే పోతుంది. కంట్లో నీళ్లు తెప్పించేది కాబట్టి దాని తప్పు కనబడుతుంది. ఉప్పు నోట్లో పెట్టగానే కరిగిపోతుంది కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించరు. ఇంటింటా పచ్చడి జాడీ ఉండే చోట లివరు జబ్బు మనిషిని చూసుకోవడమంటే ముందుగా ఆ జాడీతో తగువు పడటమే.

ఆ రోజు తగువు అంతటితో ఆగలేదు. గుడ్లు, పప్పు మళ్లీ పెట్టమంది నర్సు. ఒకప్పుడు లివరు జబ్బుకి మాంసకృత్తులు తగ్గించమని డాక్టర్లే చెప్పేవారు. ఇప్పుడు ఆ మాట మారింది. జబ్బు పడిన లివరు తిండిని దాచిపెట్టుకోలేదు. రాత్రి ఏడింటికి తిని మర్నాడు తొమ్మిదింటి దాకా కడుపు మాడిస్తే, ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. అందుకే పడుకోబోయే ముందు ఏదో ఒకటి తినాలి, ఇంత అన్నమైనా, గ్లాసుడు పాలైనా, ఇడ్లీ ముక్కైనా. మన పథ్యం అంతా వద్దుల మీద నడుస్తుంది. ఈవిడ చెప్పిన పథ్యంలో వద్దు ఒకటే, మిగతావన్నీ పెట్టమనడమే. పిన్ని కాసేపు నమ్మలేదు. తిండి పెట్టడం కూడా పథ్యమేనా అన్నట్టు చూసింది.

వెళ్లబోతూ నర్సు ఇంకో మాట అడిగింది. "నువ్వేం తింటున్నావమ్మా?" ఆయనకి చప్పిడి పెట్టి తను కారం తినడం ఎట్టా అంటూ పిన్ని కూడా అదే మజ్జిగన్నం తింటోందని అప్పటిదాకా మా ఎవరికీ తెలియదు.

లివరు జబ్బులో ఇంటివాళ్లని కంగారు పెట్టేది మాట తడబడటం. రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర. పిలిస్తే ఆలస్యంగా పలకడం. వయసు మీద పడిందనుకుంటాం, అలిగాడనుకుంటాం. లివరు శుభ్రం చేయలేని విషాలు మెదడుకి ఎక్కడం అది. నర్సులు దాన్ని చిన్న చిన్న గుర్తులతో పట్టుకుంటారు. చేతులు ముందుకి చాపి, అరచేతులు పైకెత్తి పట్టుకోమంటారు. జబ్బు ముదురుతుంటే చేతులు రెక్కల్లా కొట్టుకుంటాయి. రోజూ ఒకే కాగితం మీద సంతకం చేయిస్తారు. సోమవారం నిటారుగా ఉన్న సంతకం బుధవారానికి గీత దాటి జారితే, మనిషి ఇంకా బాగానే మాట్లాడుతున్నా డాక్టరుని పిలుస్తారు. వరస అంకెలున్న చుక్కల్ని కలిపించే పరీక్ష కూడా ఒకటుంది. ముగ్గులేసే చేతికి అంతకన్నా తెలిసిన పరీక్ష ఉండదు.

ఈ తడబాటుకి ఇచ్చే తియ్యటి సిరప్ తాగితే రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం కావాలి. ఆ విషాలు బయటికి పోయే దారి అదే. చాలా ఇళ్లల్లో ఏం చేస్తారంటే, విరేచనాలవుతున్నాయి, నీరసపడిపోతాడని సిరప్ ఆపేస్తారు. మూడో నాటికి మనిషి మగతలోకి జారతాడు. సీసా ఎందుకు ఇచ్చారో చెప్పకుండా ఇస్తే జరిగేది ఇదే.

పిత్తాశయం రాళ్ల సంగతి ఇంత సుదీర్ఘం కాదు. పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి కుడి డొక్కలో పట్టేసి, కుడి భుజం దాకా లాగితే అందరూ గ్యాసంటారు, సోడా తాగిస్తారు. మళ్లీ మళ్లీ వస్తుంటే స్కానింగులో రాళ్లు కనబడతాయి. చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ అయ్యాక భుజం నొప్పంటే ఇంటివాళ్లు హడలిపోతారు. ఆపరేషన్ కోసం పొట్టలోకి నింపిన గాలి మిగిలితే అలా ఉంటుంది, లేపి నడిపించండి, ఒకటి రెండు రోజుల్లో పోతుందని నర్సు చెబితే వార్డు మొత్తం తేలిక పడుతుంది.

క్లోమం వాపు అలాంటిది కాదు. పై కడుపులో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోతుంది. వెల్లకిలా పడుకోలేరు, మోకాళ్లు ముడిచి ముందుకి వంగి కూర్చుంటే కాస్త తెరిపి. దానికి ముఖ్యమైన కారణాలు రెండు, రాళ్లు, మందు. రెండోది వార్డులో ఎవరూ ఒప్పుకోరు. తండ్రి పక్కనుంటే కొడుకు చెప్పడు, అల్లుడు పక్కనుంటే మామ చెప్పడు. కానీ ఆఖరిసారి ఎప్పుడు తాగాడన్నది తెలియాలి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే మొదటి రెండు మూడు రోజుల్లోనే వణుకు, భ్రమలు, ఒక్కోసారి ఫిట్సూ వస్తాయి. తెలివైన నర్సు టీ తెమ్మనో, మందులు తెమ్మనో చుట్టాల్ని బయటికి పంపి, మంచం దగ్గరికి వంగి మెల్లగా అడుగుతుంది. తీర్పు లేని గొంతుతో అడిగితే నిజం వస్తుంది.

సారాకి వ్యతిరేకంగా ఈ రాష్ట్రంలో ఆడవాళ్లు ఎంత పోరాడారో తెలిసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన కదలిక 1993లో సారాని నిషేధించేలా చేసింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. 1997లో అది సడలిపోయింది. ఆనాడు వీధిలో నిలబడ్డవాళ్లలాంటి ఆడవాళ్లే ఇవాళ వార్డుల్లో యూరిన్ బ్యాగులు పట్టుకుని నిలబడుతున్నారు.

ఇంకో పథ్యం ఉంది, అది తిండిది కాదు, మనుషులది. హెపటైటిస్ బి ఉందని తేలగానే కంచం వేరు, గ్లాసు వేరు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోవడం. కులాలన్నిటినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన నేల ఇది. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ అది సాగుతోంది. అలాంటి చోట ఒక మనిషి సొంత ఇంట్లో పంక్తికి దూరమవుతాడు. కలిసి తింటే బి రకం అంటుకోదు. రక్తం వల్ల, సరిగా శుభ్రం చేయని సూదుల వల్ల, ఒకరి బ్లేడు ఒకరు వాడటం వల్ల, లైంగిక సంబంధం వల్ల, తల్లి నుంచి బిడ్డకీ వస్తుంది. అడ్డుకునే టీకా ఉంది. 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్‌లో వరప్రసాద్ రెడ్డి బృందం దాన్ని ఈ దేశంలోనే తయారు చేసింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి మోతాదు వేస్తారు. మంచినీళ్ల దగ్గర భయపడాల్సింది ఎ, ఇ రకాలకి. మనం భయాన్ని తారుమారు చేసుకున్నాం. కాచని నీళ్లు ధీమాగా తాగుతాం, కన్నతండ్రి కంచం విడిగా కడుగుతాం.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మాత్రల పేర్లు వరసగా ఉంటాయి. అడుగున 'లో సాల్ట్ డైట్' అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క వంటింటి దాకా రాదు. దాన్ని చెంచాగా, గిన్నెగా, పడుకునే ముందు గ్లాసుడు పాలుగా మార్చి చెప్పే మనిషి కావాలి. పథ్యం కొట్టిపారేస్తే మనవాళ్లు వినరు, మార్చి చేతిలో పెడితే ప్రాణం పెట్టి పాటిస్తారు. పథ్యం చెప్పడం డాక్టరుకి అర నిమిషం పని, పాటించడం ఇంటి ఇల్లాలికి ఏళ్ల తరబడి పని. ఆ రెంటి మధ్యా స్టూలు లాక్కుని కూర్చోవడానికి నర్సుకి పది నిమిషాల తీరిక ఇవ్వని ఆసుపత్రి, ఎంత ఖరీదైన స్కానింగు మిషను కొన్నా వైద్యం సగంలో వదిలేసినట్టే.