గుంపులో అల

మా బరంపురానికి గోపాలపురం సముద్రం దగ్గరే. మొన్న సెలవులకు చెన్నపట్నం నుండి మా మేనల్లుడు వచ్చినప్పుడు, అమ్మను కూడా వెంటబెట్టుకొని ఒక సాయంకాలం అందరమూ అక్కడికి వెళ్ళాము. ఆ కుర్రవాడు చదివేది సముద్రపు కట్టడాల ఇంజనీరింగు. అలలు విరిగే చోటుకు ఆవల మన తెలుగు జాలరుల పడవ ఒకటి లంగరు వేసికొని ఊగుతున్నది. వీడు ఇసుకలో కూర్చుండి, దానివంక చూస్తూ ఏదో లెక్కపెట్టుకొంటున్నాడు.

"ఉన్నది ఒక్క పడవ. ఎంతసేపు లెక్కపెడతావురా?" అన్నాను.

"పడవను కాదు మామయ్యా, దాని ఊపును," అన్నాడు.

తేలే వస్తువేదైనా ఆరు విధాల కదులుతుందట. ముందు వెనుకలకూ, పక్కలకూ, పైకీ క్రిందికీ జరగడం మూడు. ఆ పక్కకూ ఈ పక్కకూ ఒరగడం, ముందుకూ వెనుకకూ ఒరగడం, ఉన్నచోటనే తిరగడం మరి మూడు. పైగా ఉయ్యాలకు వలె దానికొక సొంత ఊపు ఉంటుంది. అల వచ్చే వేళా, ఆ ఊపూ కలిసినవా, ఇక ప్రమాదమే. 2017లో స్కాట్లండు తీరానికి ఆవల ఐదు పెద్ద గాలిమరలను నీటిపై తేల్చి, గొలుసులతో సముద్రం అడుగుకు కట్టారు. అటువంటివి కట్టే ముందు చిన్న నమూనాను తొట్టిలో తేల్చి, దానిపై మెరిసే గోళీలు అంటించి, అలలు పుట్టించి, ఒక్కొక్క గోళీ ఎటు కదిలినదో కెమెరాలతో చూస్తారట. వీడు నేర్చుకొంటున్న పని అదే.

"ఈ విద్య మనుష్యులకూ పనికివచ్చింది మామయ్యా," అంటూ తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. స్పెయిను దేశంలో పాంప్లోనా అనే ఊరు. ఏటా జూలై 6న ఉత్సవం మొదలయ్యే వేళకు, పురమందిరం ముందున్న చిన్న మైదానంలో సుమారు ఐదువేల మంది కిక్కిరిసిపోతారు. శాస్త్రజ్ఞులు మేడలపైనుండి ఆ గుంపును చిత్రించారు. మనుష్యులకు గోళీలు అంటించలేరు గదా! ఒక బొమ్మనూ దాని వెంటనే తీసిన బొమ్మనూ యంత్రమే పోల్చి, ఏ చుక్క ఎటు జరిగినదో లెక్కగడుతుంది. ఇటువంటి ఉపాయాన్ని 1981లోనే హార్న్, షుంక్ అనువారు ప్రకటించారట.

2025లో ఆ శాస్త్రజ్ఞులు వెల్లడించిన సంగతి ఇది. చదరపు మీటరుకు నలుగురికి మించి చేరితే, వందలాది జనం ఒక్క ముద్దగా, సుమారు 18 సెకండ్లకొకసారి గుండ్రంగా ఊగుతారు. సముద్రంలో పడవను ఊపే అల బయటినుండి వస్తుంది. ఇక్కడ తోసేవాడంటూ ఎవడూ లేడు. గుంపే అల, గుంపే పడవ. 2010లో జర్మనీలోని డూయిస్‌బుర్గ్ ఉత్సవంలో 21 మంది మరణించారు. ఆనాటి చిత్రాలలోనూ ఇదే ఊపు కనబడింది. లోపలివారికి తమ భుజమూ పక్కవాడి భుజమూ తప్ప తెలియదు. పైనుండి చూచేవారు ఊపు మొదలు కాగానే కొత్తవారు రాకుండా ఆపవచ్చునట.

"తోసేవాడు ఎవడూ లేడా?" అని నేను రెండుమార్లు అడిగాను.

చదువరులకు చెప్పక తప్పదు. 2014లో అమ్మను ఒక రథోత్సవానికి తీసికొని వెళ్ళాను. ఆమె చెయ్యి గట్టిగానే పట్టుకొన్నాను. ఉన్నట్టుండి జనమంతా ఒక పక్కకు ఒరిగారు. నా కాళ్ళు నేలమీద ఉన్నవో లేవో తెలియలేదు. మరల ఇటు ఒరిగేసరికి చెయ్యి జారింది. ఎట్లాగో ఆమెను చేరేసరికి మణికట్టు విరిగి వ్రేలాడుతున్నది. వెనుక ఒక కుర్రవాడు నిలుచున్నాడు. వాడే తోశాడని తీర్మానించి, కాలరు పట్టుకొని రెండు లెంపకాయలు కొట్టాను. "నన్నూ తోశారు బాబూ," అని వాడు ఒడియాలో ఏడుస్తూ చెప్పాడు. నేను నమ్మలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట తలపుకు వచ్చినప్పుడల్లా, ఎంత అబద్ధమాడాడు అని మండిపడుతూనే ఉన్నాను.

మేనల్లుడు ఇదంతా వాళ్ళ అమ్మమ్మకు తెలిసేటట్లు మళ్ళీ చెప్పాడు. ఆమె వంకరగా అతికిన చేతిని ఒళ్ళో పెట్టుకొని విన్నది.

"ఎవరు తోశారో నాకేం తెలుసురా," అన్నది. "నన్ను లేవదీసింది మాత్రం ఆ పిల్లవాడే. అప్పుడే చెప్పాను. నువ్వు వింటేనా?"

వాడి ముఖం గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. చారల చొక్కా ఒక్కటే జ్ఞాపకమున్నది.